ఉప్పు కుర్చీ

కుర్చీ కొనేముందు నేను దాన్ని నాకి చూస్తాను. నోరు పెట్టి నాకను లెండి, అంత తెగింపు లేదు. చూపుడువేలు తడి చేసుకుని, సీటు అడుగున అల్లిక కలిసేచోట గట్టిగా రాసి, ఆ వేలు నాలుక మీద పెట్టుకుంటాను. పోర్ట్ బ్లెయిర్ బజారులో పేము కుర్చీలు అమ్మే ఆయన మొదటిసారి చూసినప్పుడు "క్యా హువా, దీదీ?" అని కంగారుపడ్డాడు. ఇప్పుడు అలవాటైపోయి, నేను దుకాణంలో కాలుపెట్టగానే గ్లాసుతో నీళ్ళు తెచ్చి పక్కన పెడతాడు, పుక్కిలించుకోవడానికి. మా కోడలు మాత్రం నాతో కుర్చీలు కొనడానికి రానుగాక రానని తేల్చి చెప్పేసింది. పరువు పోతోందట. ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చుకుంటే ఈ గొడవే ఉండదు కదా అత్తయ్యా అంటుంది. ప్లాస్టిక్ కుర్చీలో పది నిమిషాలు కూర్చుంటే చీర వీపుకు అతుక్కుపోతుంది. అది కుర్చీయేమిటి, శిక్ష గానీ.

కుర్చీల గురించి నాకు తెలిసిందంతా తొమ్మిదో తరగతి చదివిన ఏడు తెలుసుకున్నదే. ఆ ఏడు మా ఇంటికి ఒక కుర్చీ వచ్చింది. దాన్ని రెండుసార్లు అల్లాల్సి వచ్చింది. ఎందుకో చెబుతాను.

అప్పటికి మేముండే పేట డిగ్నాబాద్‌లో మా ఇళ్ళ వరసలో ఎవరింట్లోనూ కుర్చీ అనేది లేదు. అందరం శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేట కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళం. పుట్టుకతో నేను ఈ దీవుల పిల్లనే గానీ, మా అమ్మానాన్నలు ఓడెక్కి వచ్చారు. నాన్నను మేము అయ్య అనేవాళ్ళం. అయ్య సముద్రం మీదికి వెళ్ళేవాడు, అమ్మ చేపలు తట్టకెత్తుకుని అమ్ముకొచ్చేది. వంటా తిండీ నిద్రా వల బాగుచేసుకోవడం అన్నీ నేలమీదే. ఎవరైనా ఆఫీసరు ఇంటికొస్తే బోర్లించిన చెక్కపెట్టె మీద దుప్పటి పరిచి కూర్చోమనేవాళ్ళం. ఆ పెట్టె ఒక పక్కకు ఒరిగేది. ఆఫీసరు కూడా ఒరిగేవాడు. మేం నవ్వకుండా ఉండటానికి నానా తిప్పలు పడేవాళ్ళం.

మా అమ్మ గొప్పంతా ఆవిడ కత్తిపీటలో ఉండేది. ఊరి నుంచి వచ్చేటప్పుడు ఓడలో దాన్ని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట, ఎవరికీ ఇవ్వకుండా. పెద్ద వంజరాన్ని కాలితో పీట తొక్కిపట్టి కోస్తే ఒక ముక్కకూ ఇంకో ముక్కకూ తేడా చెప్పలేం. వరసలో ఎవరింట పెళ్ళయినా చేప కోయడానికి మా అమ్మకే కబురు. ఆ మాట ఎవరైనా ఎత్తితే అమ్మ పట్టించుకోనట్టు మొహం పెట్టేది గానీ, లోపల ఎంత పొంగిపోయేదో నాకు తెలుసు.

అలాంటి మనిషి ఫీనిక్స్ బే రేవులో జారిపడింది. సముద్రం వెనక్కి తగ్గి, మెట్లన్నీ పాచిపట్టి ఉన్నాయి. నెత్తిన నిండు తట్ట ఉంది. పడేటప్పుడు తట్ట వదిలేసి చేతులు ఆనించుకుని ఉంటే అంత దెబ్బ తగిలేది కాదని అందరూ అన్నారు. చేపలు వదిలేసే మనిషా మా అమ్మ? ఎడమ తుంటి విరిగింది. ఆసుపత్రిలో కాలికి బరువు కట్టి నెలన్నర పైన పడుకోబెట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు అయ్యను పిలిచి, ఈవిడ ఇక జన్మలో నేలమీద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోవడం అసలే కూడదని చెప్పాడు. నడవచ్చా అని అడిగాడు అయ్య. కర్ర పట్టుకుని నడవచ్చు, మెల్లగా అన్నాడు.

నేలమీద కూర్చోకుండా బతకడం ఎలాగో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పొయ్యి నేలమీద ఉంది, కత్తిపీట నేలమీద ఉంది, రుబ్బురోలు నేలలోనే పాతి ఉంది. అయ్య రెండు రోజులు ఆలోచించాడు. మూడోరోజు నన్ను కాగితం కలం తెమ్మని, మా మేనత్తకు ఉత్తరం రాయించాడు. మేనత్త అయ్యకు అక్క. అయ్యను ఎత్తుకుని పెంచిన మనిషి. పిల్లలు లేరు, భర్త పోయాడు, ఊళ్ళో మరిది ఇంట్లో ఒక పక్కన పడి ఉంటోంది. అయ్య చెప్పిందే చెప్పినట్టు రాశాను. "మీ మరదలు ఇక పని చెయ్యలేదు. నువ్వు వచ్చే ఓడకు బయల్దేరి వచ్చి ఇల్లు చూసుకో." చేతిరాత బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. అంత బుద్ధి తక్కువ నాకు.

అమ్మకు ఆ సంగతి నేనే చెప్పాను, మంచి కబురు చెబుతున్నాననుకుని. అమ్మ మంచం మీద గోడకు చేరగిలబడి ఉంది. మొహం మాడిపోయింది.

"ఇక సెయ్యలేదని రాసినావా?" అంది.

అమ్మ వయసు అప్పటికి నలభై కూడా లేదు. గుమ్మంలో వల ముందేసుకుని కూర్చున్న అయ్యకు వినిపించేలా నాతో అంది. మా ఇంట్లో అమ్మ అయ్యతో నేరుగా మాట్లాడేది కాదు. ఆయన ఎదురుగా ఉన్నా సరే, "మీ అయ్యకు సెప్పు" అని నా మీదుగానే అనేది. ఆయనా అలాగే బదులిచ్చేవాడు. మధ్యలో నేను ఊరికే తల తిప్పుతూ ఉండాలి.

"మీ అయ్యకు సెప్పు. వదిన వత్తే రానీ. కానీ ఓడ వచ్చీసరికి నా వంటింట్లో నాను కూకోడానికి ఒక సోటు గావాల. కత్తిపీట నా సేతిలో ఉండాల. నేకపోతే నాను ఈ ఇంట్లో మంచానికి కట్టిన మనిసినే."

అయ్య వల పక్కన పెట్టి లేచాడు. రంగత్‌లో అంటే ఉత్తరాన ఇంకో దీవిలో, ఆయనకు ఒక స్నేహితుడుండేవాడు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డాయన, అందరూ దాదా అనేవాళ్ళు. పొలం పని లేనప్పుడు అడవిలోంచి పేము తెచ్చి కుర్చీలు కట్టేవాడు. అయ్య ఒకప్పుడు వేటకు వెళ్ళి తుఫానులో రంగత్ ఒడ్డుకు చేరితే నాలుగు రోజులు అన్నం పెట్టిన మనిషి. ఆయన దగ్గరికి వెళదామన్నాడు అయ్య. వెళ్ళేముందు వంటింటి తలుపు వేసి, వలదారం ఒకటి తీసుకుని, అమ్మ మడమ నుంచి మోకాలి వెనక మడత దాకా పట్టి చూసి, అక్కడ ఒక ముడి వేశాడు. అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఆ దారం అయ్య జేబులో పెట్టుకున్నాడు. హిందీలో మాట తడబడితే సాయంగా ఉంటానని నన్నూ వెంట తీసుకెళ్ళాడు. ఫీనిక్స్ బేలో తెల్లారకముందే క్యూలో నిలబడి రంగత్ బోటెక్కాం.

దాదా ఇంటి ముందు పేము కట్టలు గోడకు ఆనించి ఉన్నాయి. దారం చేతికివ్వగానే ఆయన కొలత చూడలేదు. ముందు ప్రశ్నలడిగాడు. ఎవరు కూర్చుంటారు? ఎంతసేపు? కూర్చుని ఏం చేస్తారు? ఇప్పటికీ ఏ దుకాణంలోనూ ఎవరూ ఈ మూడు ప్రశ్నలూ అడగరు, రంగేమిటి కావాలి అని అడుగుతారు. చేప కోస్తుంది అన్నాడు అయ్య. దాదా బీడీ కాలుస్తూ చాలాసేపు ఆలోచించాడు. తర్వాత నేలమీద బొగ్గుతో గీశాడు. కుర్చీకి ఒక్కటే చెయ్యి ఉంటుంది, ఎడమపక్క. దానిమీద బరువు వేసి ఆవిడ లేస్తుంది. కుడిపక్క చెయ్యి ఉంటే చేపకు అడ్డం. కత్తిపీటను ఎదురుగా ఒక పొట్టి బల్లకు మేకులతో బిగించాలి, అప్పుడు కాలితో తొక్కిపట్టే పని ఉండదు. అంతే. నేనూ అయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇన్నాళ్ళుగా మా బుర్రకు తట్టనిది ఆ మనిషికి ఒక బీడీలో తట్టింది.

రెండు రోజులు అక్కడే ఉన్నాం. పేము ఎలా ఎంచుకోవాలో అప్పుడే చూశాను. బొటనవేలి గోరు గుచ్చితే దిగకూడదు, దిగితే అది లేతది. కణుపుకూ కణుపుకూ మధ్య జానెడైనా ఉండాలి. తొక్క పచ్చగా కాదు, పండిన రంగులో మెరవాలి. లావు పేమును మంట మీద తిప్పుతూ, మెల్లమెల్లగా మోకాలికి ఆనించి వంచుతూ, చట్రం కట్టాడు దాదా. సీటూ వీపూ అల్లడం మొదలుపెట్టబోతుంటే అయ్య అడ్డుపడ్డాడు. నేను వల అల్లే చేతులవాణ్ణి, నా ఆడమనిషి కుర్చీ నేనే అల్లుకుంటానన్నాడు. దాదా నవ్వి, చీల్చిన పేము తొక్క ఒక కట్ట చుట్టి చేతిలో పెట్టాడు. ఎలా అల్లాలో ఒక గుప్పెడు అల్లి చూపించాడు. చివర్లో వేలెత్తి మరీ చెప్పాడు.

"మీఠా పానీ మే, భాయ్. ఏక్ దిన్, ఏక్ రాత్. మీఠా పానీ."

మంచినీళ్ళలో ఒక పగలూ రాత్రీ నానబెట్టమని. అయ్య తలూపాడు. నేనూ విన్నాను. నేను కూడా విన్నానని గుర్తుపెట్టుకోండి.

ఇంటికి వచ్చేసరికి ఎండలు మండిపోతున్నాయి. ఆ రోజుల్లో వేసవిలో డిగ్నాబాద్ కొళాయికి మూడు రోజులకొకసారి నీళ్ళొచ్చేవి, అవీ సన్నగా. అమ్మకు ఒళ్ళు కడగడానికే నీళ్ళు చాలడం లేదు. పేము కట్ట నానాలంటే ఒక పెద్ద తొట్టెడు కావాలి. అయ్య బిందెల వంక చూశాడు, కట్ట వంక చూశాడు. ఆయన లెక్క ఆయనకుంది. కొత్త తాడు కొంటే ముందు సముద్రంలో ముంచి తీసేవాడు. పడవ చెక్క ఉప్పునీళ్ళలో ఉంటే ఎన్నేళ్ళైనా ఉంటుంది, వాననీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుంది. మా వాళ్ళలో ఎవరినడిగినా అదే చెబుతారు. "ఇంట్లోవాళ్ళకే నీళ్ళు నేకపోతే పేముకి తానమేటి" అని, కట్టను పడవ పక్కన తాడుతో కట్టి రెండు రోజులు సముద్రంలో వదిలేశాడు. నేను ఒడ్డున నిలబడి చూస్తున్నాను. దాదా మాట గుర్తొచ్చింది. అయ్యకు తెలియకపోతుందా అనుకుని నోరు మెదపలేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, అల్లిక మాత్రం అద్భుతం. అయ్య వారం రోజులు కూర్చుని, వల కన్నుల్లాగే పలకలు పలకలుగా అల్లాడు. ఒక కన్ను పెద్దదనీ ఒకటి చిన్నదనీ అనడానికి లేదు. వరసలో వాళ్ళంతా చూడటానికి వచ్చారు. ఒంటిచేతి కుర్చీ ఏమిటని నవ్వినవాళ్ళు కూడా అల్లిక చూసి ఊరుకున్నారు. అమ్మను పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాం. ఎదురుగా బల్లకు బిగించిన కత్తిపీట. అయ్య ఆ పొద్దు తెచ్చిన వంజరాన్ని అమ్మ చేతికిచ్చాడు. మొదటి ముక్క వంకరగా తెగింది. రెండోదీ అంతే. నాలుగో ముక్కకు చెయ్యి దారిలో పడింది. ఆ పులుసు రుచి నాకింకా గుర్తు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నేను వండిన నీళ్ళ పులుసు తిన్నాం కదా, అయ్య ఆ రోజు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. మా ఇంటికి మళ్ళీ ప్రాణం లేచొచ్చింది.

మూడు వారాలు హాయిగా గడిచాయి. తర్వాత వానలు పట్టుకున్నాయి.

ఇంట్లో కుర్చీ మీద ఒక్క చినుకు పడలేదు. అయినా కుర్చీ తడిసింది. పొద్దున్నే చూస్తే సీటు చెమటపట్టినట్టు ఉండేది, అడుగున చుక్కలు వేలాడేవి. తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ తడి. ఎప్పుడైనా ఎండకాస్తే అల్లిక సందుల్లో తెల్లగా పొడి తేలేది. అమ్మ మొదట గోనెపట్టా పరుచుకుంది, తర్వాత పాత లుంగీ మడిచి వేసుకుంది. వానాకాలంలో అన్నీ అలాగే ఉంటాయి కదా అనుకున్నాం. ఒకరోజు స్నానానికి సాయం చేస్తుంటే చూశాను. తొడల వెనకంతా ఒరుసుకుపోయి ఎర్రగా పుండైంది. లుంగీ మడత కూడా తడిసి, ఉప్పు పట్టి గరుకుగా ఉంది. రోజూ గంటలు గంటలు దానిమీదే కూర్చుని నవ్వుతూ చేపలు కోస్తోంది.

"మీ అయ్యకు సెప్పకు," అంది అమ్మ. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదలు. "ఆయన వారం దినాలు కూకుని అల్లినాడు. పైగా ఓడ బయల్దేరిపోనాది. కుర్సీ పనికిరాదంటే నా సోటు పోతాది."

మేనత్త విశాఖలో ఓడెక్కిన కబురు అంతకు ముందురోజే తెలిసింది. మరో నాలుగు రోజుల్లో రేవులో ఉంటుంది. నేను ఎవరికీ చెప్పనని అమ్మకు మాటిచ్చాను.

ఆ మర్నాడే దాదా వచ్చాడు. ఏదో ఆఫీసు కుర్చీలు అప్పగించడానికి రంగత్ బోటులో వచ్చి, మా కుర్చీ ఎలా కుదిరిందో చూసి పోదామని ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అయ్య సంబరంగా వంటింట్లోకి తీసుకెళ్ళాడు. అమ్మ లేచి నిలబడి కర్ర పట్టుకుంది. దాదా అల్లిక చూసి, బాగుంది బాగుంది అంటూ, లుంగీ తీసి సీటు కింద చెయ్యి పెట్టాడు. చెయ్యి ఆగిపోయింది. వేలు నాలుక మీద పెట్టుకున్నాడు. తర్వాత అయ్య వంక చూశాడు.

"నమక్," అన్నాడు.

నీళ్ళు లేక సముద్రంలో నానబెట్టానని అయ్య ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, ఉప్పునీళ్ళకు గట్టిపడుతుంది కదా అని వాదించబోయాడు. ఇక నా వల్ల కాలేదు. అమ్మకు ఇచ్చిన మాట ఏ గంగలో కలిసిందో, గట్టిగా ఏడ్చేశాను. అమ్మ ఒళ్ళంతా పుండైంది అయ్యా, నీకు చెప్పొద్దంది అన్నాను. అయ్య గోడకు ఆనుకుని అలాగే జారి నేలమీద కూర్చుండిపోయాడు. తుఫానులో పడవ పోయి ఇల్లు చేరినప్పుడు కూడా ఆయన మొహం అలా చూడలేదు.

దాదా తిట్టలేదు. అయ్య పక్కనే తనూ నేలమీద కూర్చుని, సముద్రం నీకు మంచిదే భాయ్, పేము అడవిది కదా, దానికి పడదు అన్నాడు. అంత మెల్లగా హిందీ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఉప్పు ఒకసారి పేములోకి దిగితే గాలిలో తేమనంతా లాక్కుంటూ ఉంటుందట. మొత్తం విప్పాలి. మంచినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మార్చి, మళ్ళీ నానబెట్టాలి. నాలుక మీద పెడితే ఏమీ తెలియనిదాకా అలా చెయ్యాలి. తర్వాత నీడన ఆరబెట్టి మళ్ళీ అల్లాలి. ఎన్ని రోజులని అడిగాడు అయ్య. ఈ వానల్లో వారం అన్నాడు దాదా. అమ్మ మంచం దగ్గరికి వెళ్ళి పడుకుంది.

అయ్య ఆ మధ్యాహ్నమే విప్పడం మొదలుపెట్టాడు. వారం అల్లింది ఒక పూటలో విప్పాడు, ఒక్క బద్ద తెగకుండా. చూరు కింద డ్రమ్ము పెడితే వాననీళ్ళు పొర్లిపోతున్నాయి. ఎండాకాలం బిందెడు నీళ్ళకు ఏడ్చిన ఇంట్లో ఇప్పుడు ఎన్ని కావాలంటే అన్ని. వేట మానేసి డ్రమ్ము దగ్గరే ఉన్నాడు. ఇక్కడో చిక్కొచ్చింది. అయ్య నాలుకకు ఉప్పు తెలియదు. పుట్టినప్పటి నుంచి సముద్రం మీద ఉన్న మనిషి, ఆయన పెదాలే ఉప్పు. బద్ద నాలుక మీద పెట్టుకుని, పోయింది పోయింది అంటాడు. నేను పెట్టుకుంటే ఉప్పు కషాయం. అందుకని రుచి చూసే పని నాకు పడింది. పూటకు పదిసార్లు నాకించాడు. నాలుక పొక్కిపోయింది. అప్పుడు పట్టిన అలవాటే ఇది, మా కోడలికి ఈ సంగతి తెలియదు.

కుర్చీ బద్దలు ఇంకా డ్రమ్ములో ఉండగానే ఓడ వచ్చింది. మేనత్త రేకుపెట్టె చేత్తో పట్టుకుని, చింతపండు మూట చంకన పెట్టుకుని దిగింది. బాగా బక్కచిక్కి ఉంది. అయ్యను చూసి ఏడ్చింది, నన్ను చూసి ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్ళలేదు. మా అమ్మ చోటు లాక్కోవడానికి వచ్చిందని లోపల ఉడికిపోతున్నాను. ఇంటికి వచ్చాక మంచం మీదున్న అమ్మ చేతులు పట్టుకుని ఇంకాస్త ఏడ్చి, మొహం కడుక్కుని, కొంగు బిగించి వంటింట్లోకి వెళ్ళింది. బల్లకు బిగించిన కత్తిపీట చూసి ఇదేమిటని ఆశ్చర్యపోయింది. ఆవిడకు నేలమీద పీట అయితేనే చెయ్యి ఆడుతుంది. తమ్ముణ్ణి పిలిచి తీయించమంది. అయ్య మేకులు పీకుతున్న చప్పుడు అమ్మ మంచం దాకా వినిపిస్తూనే ఉంది. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

మేనత్త నేలమీద కూర్చుని చేప కోసింది. బాగానే కోసింది, అది మరీ కోపం నాకు. వంట కూడా బాగుంది. అన్నం పెడుతూ, తిరుగు ఓడ ఎప్పుడెళ్తుందని అయ్యను అడిగింది. అయ్య చెప్పాడు. మర్నాడూ అడిగింది. ఆ తర్వాత రోజూ అడిగింది. పని చెయ్యడానికి పిలిచినవాళ్ళు, పని అయ్యాక పొమ్మనేవాళ్ళు, ఆవిడ బతుకంతా అలాగే గడిచిందని నాకు అప్పుడు తెలియదు. వెళ్ళిపోవాలని ఎంత తొందరో అనుకున్నాను.

అమ్మ మాత్రం ఇంకేదో చూస్తోంది. తుంటి విరిగిన మనిషి ఎదుటివాళ్ళు ఎలా కూర్చుంటున్నారో ఎలా లేస్తున్నారో చూస్తుంది కాబోలు. మేనత్త కత్తిపీట ముందు నుంచి లేచేటప్పుడు ముందు గోడ పట్టుకునేది. తర్వాత మోకాలు చేత్తో నొక్కిపట్టి, పళ్ళు బిగించి, చప్పుడు రానివ్వకుండా లేచేది. లేచాక ఇటూ అటూ చూసేది, ఎవరైనా చూశారేమోనని. మంచం మీద నుంచి అమ్మ చూసింది. రోజూ చూసింది.

మేనత్త వచ్చిన అయిదోరోజు పొద్దున అయ్య కుర్చీ తెచ్చి వంటింట్లో పెట్టాడు. రెండో అల్లిక మొదటిదంత నున్నగా లేదు, నానీ నానీ బద్దలు రంగు మారాయి. అమ్మ కర్ర పట్టుకుని నడిచొచ్చింది. కూర్చోలేదు. వంగి, వేలు తడిచేసి, సీటు అడుగున రాసి, నాలుక మీద పెట్టుకుంది. అమ్మ తలూపి, ఎడమచేతిని కుర్చీ చేతి మీద ఆనించి కూర్చుంది.

మేనత్త నేలమీద కత్తిపీట ముందు ఉంది. పీటను, సగం కోసిన చేపను అమ్మవైపు జరిపింది. గోడ పట్టుకుని, మోకాలు నొక్కుకుని లేచింది. పక్కగా నిలబడింది, ఇక వెళ్ళిపోమంటే వెళ్ళిపోవడానికి సిద్ధంగా. అమ్మ అయ్యవైపు తిరిగింది. నావైపు కాదు.

"ఇంకో కుర్సీ గావాల," అంది. నా ఎరికలో అమ్మ అయ్యతో నేరుగా అన్న మొదటి మాట అదే. "దానికి రెండు సేతులూ పెట్టించు. వదిన మోకాలట్టుకుని లేత్తంది."

మేనత్త కంగారుపడిపోయింది. నాకెందుకమ్మా కుర్చీ, నా జన్మలో కుర్చీ ఎరగను, పనికి వచ్చాను గానీ కూర్చోడానికా అంది.

"పనికే కూకో వదినా," అంది అమ్మ. "సేప నాను కోత్తాను. ఉల్లిపాయలెవలు కోత్తారు?"

మేనత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రేవులో ఏడ్చిన ఏడుపు కాదు అది. అయ్య బల్ల తెచ్చి కత్తిపీటను మళ్ళీ బిగించసాగాడు, తల పైకెత్తకుండా. నేను మాత్రం ఎక్కడికి పోను, సిగ్గుతో అక్కడే నిలబడిపోయాను. తర్వాత వెళ్ళి వలదారం తెచ్చాను. మేనత్త మడమ నుంచి మోకాలి వెనక మడత దాకా నేనే పట్టి చూసి, ముడి వేసి అయ్యకు ఇచ్చాను. మోకాలు బాగా వాచి ఉంది.

అయ్య ఆ దారం జేబులో పెట్టుకుని మళ్ళీ రంగత్ వెళ్ళొచ్చాడు. ఈసారి పేము కట్ట సముద్రం మొహం చూడలేదు. చూరు కింద డ్రమ్ములోంచి వాననీళ్ళు ముంచి పోసింది మేనత్తే, వద్దన్నా వినకుండా. అయ్య అల్లుతుంటే పక్కన కూర్చుని బద్దలు అందించింది. కుర్చీ తయారయ్యాక వంటింట్లో అమ్మ కుర్చీ పక్కన పెట్టాం. మేనత్త దాని చుట్టూ తిరిగింది. వేలు తడిచేసి, అడుగున రాసి, నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పు నేదు," అంది.

తర్వాత రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, తమ్ముడి ఎదురుగా, మెల్లగా కూర్చుంది. అమ్మ ఉల్లిపాయల బుట్ట ఒళ్ళో పెట్టింది. ఆ రోజు నుంచి మా మేనత్త తిరుగు ఓడ ఎప్పుడని అడగలేదు.